పడిపోవడం ముందా, రక్తస్రావం ముందా: మెదడులో రక్తస్రావం చార్టు ఒకటి ఐ61.0కి ఎలా చేరింది

నేపథ్యం

ఇది అమెరికాలోని ఒక ఆసుపత్రి ఇన్‌పేషెంట్ చార్టు. చార్టు చదివి జబ్బులకు ఐసీడీ-10-సీఎం (అమెరికాలో జబ్బులకు వాడే కోడ్‌ల పట్టిక) నుంచి కోడ్‌లు వేసేవాళ్లే కోడర్లు. ఐ61.0 అంటే దెబ్బ తగలకుండా మెదడు లోతైన భాగంలో వచ్చే రక్తస్రావం. రోగి డెబ్బై దాటిన పురుషుడు. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. గంటల క్రమాన్ని మాత్రం ఉంచాను, ఈ కేసు తేలింది దాని మీదే కాబట్టి.

పాత జబ్బులు మూడు: రక్తపోటు, మూత్రపిండాల దీర్ఘకాలిక జబ్బు స్టేజ్ 3ఏ, పర్మనెంట్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ శాశ్వతంగా తప్పడం). చివరిదాని కోసం రోజూ వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు). ఇంట్లో నేల మీద పడి, తలకు గాయంతో ఎమర్జెన్సీకి వచ్చాడు. వచ్చేసరికి రక్తపోటు 224/118, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం కొలత) 3.4, గ్లాస్గో స్కోరు (స్పృహ కొలత, 15 అంటే పూర్తి స్పృహ) 11. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. కుడివైపు మూతి జారింది. మాట అర్థమవుతోంది గానీ తిరిగి చెప్పలేకపోతున్నాడు. తల కుడివైపు పైభాగాన 3 సెంటీమీటర్ల చీలిక.

10:25కి తీసిన సీటీలో ఎడమ బేసల్ గ్యాంగ్లియాలో (మెదడు లోతైన భాగంలో) రక్తం గడ్డ కనిపించింది. కొలతలు 5.2, 3.8, 3.6 సెంటీమీటర్లు. మూడింటినీ గుణించి రెండుతో భాగిస్తే దాదాపు 36 మిల్లీలీటర్లు. రక్తం కొద్దిగా, మెదడులో ద్రవం ఉండే గది అయిన ఎడమ పార్శ్వ వెంట్రికిల్‌లోకి పాకింది. గడ్డ చుట్టూ సన్నటి వాపు, మధ్యరేఖ 2 మిల్లీమీటర్లు జరిగింది. 11:40కి అడ్మిషన్ ఆర్డరు పడింది. 16:30కి తీసిన రెండో సీటీలో గడ్డ పెరిగింది, మధ్యరేఖ 6 మిల్లీమీటర్లకు జరిగింది, గ్లాస్గో స్కోరు 9కి పడింది.

చికిత్స: నైకార్డిపిన్ డ్రిప్, నాలుగు ఫ్యాక్టర్ల ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్, విటమిన్ కె, మెదడు వాపు తగ్గించే 3 శాతం సెలైన్, తలవైపు మంచం 30 డిగ్రీలు ఎత్తడం, గంటగంటకూ న్యూరో చెకప్. ఆపరేషన్ చేయలేదు, ట్యూబు వేయలేదు. కోలుకున్నాక రిహాబ్ ఆసుపత్రికి పంపారు.

కోడర్ ముందున్న చిక్కు

ఐసీడీ-10-సీఎంలో దెబ్బ తగలకుండా కపాలం లోపల జరిగే రక్తస్రావానికి మూడు కుటుంబాలున్నాయి. ఐ60 సబ్‌అరాక్నాయిడ్, ఐ61 మెదడు కణజాలంలో, ఐ62 సబ్‌డ్యూరల్, ఎక్స్‌ట్రాడ్యూరల్, చోటు తెలియనివి. దెబ్బ వల్ల వచ్చినవన్నీ ఎస్06లోకి పోతాయి. ఐ60 నుంచి ఐ69 వరకు ఉన్న బ్లాకు మొదట్లోనే ఎస్06ను ఎక్స్‌క్లూడ్స్ 1 కింద పెట్టారు. అంటే ఒకే రక్తస్రావానికి రెండు వైపులా కోడ్ వేయడానికి వీల్లేదు. ఏదో ఒకవైపు తేలాలి.

ఈ చార్టులో అది తేలలేదు. ఎమర్జెన్సీ డాక్టరు నోటులో "పడిపోవడం, తలకు దెబ్బ, ట్రామాటిక్ ఐసీహెచ్ వర్సెస్ స్పాంటేనియస్" అని ఉంది, అంటే తలలో రక్తస్రావం (ఐసీహెచ్) దెబ్బ వల్లనో తనంతట తానుగానో తేలలేదని. ట్రయాజ్ నర్సు "ఎవరూ చూడని పడిపోవడం" అని రాసింది. న్యూరాలజీ కన్సల్టులో "హైపర్‌టెన్సివ్ హెమరేజ్, వెంట్రికిల్‌లోకి విస్తరించింది" అని ఉంది. అటెండింగ్ డాక్టరు (రోగి బాధ్యత తీసుకున్న డాక్టరు) డిశ్చార్జ్ సమ్మరీలో ఒక్క లైను: "ఐసీహెచ్, పడిపోయిన తర్వాత, వార్ఫరిన్ మీద ఉన్నారు." వాపు గురించి, మధ్యరేఖ గురించి ఏ డాక్టరూ డయాగ్నసిస్‌గా రాయలేదు. అవి రేడియాలజీ రిపోర్టుల్లోనే ఉన్నాయి.

మొదటి ప్రయత్నం: ఎస్06.35

మొదటి కోడర్ ఎస్06.35ఏఏ ప్రధాన డయాగ్నసిస్‌గా పెట్టాడు. ఎడమ సెరిబ్రంలో దెబ్బ వల్ల రక్తస్రావం, స్పృహ పోయిందో లేదో తెలియదు, మొదటి చికిత్స అని దాని అర్థం. అతని లెక్క మరీ తప్పేమీ కాదు. తలకు గాయం ఉంది, పడ్డాడు, నోటులో "ట్రామాటిక్" అనే మాట ఉంది. గాయం కుడివైపు, గడ్డ ఎడమవైపు అయినా దెబ్బకు ఎదురువైపు మెదడు నలిగే అవకాశం ఉన్నదే. ఆ చోటు తేడా చూసి ట్రామాను కొట్టిపారేయలేం.

బిల్లు పోకముందు జరిగే రివ్యూలో ఇది ఆగింది. న్యూరాలజిస్టు స్పష్టంగా మరో కారణం రాశాడు. ఎస్06 ప్రధానమైతే చార్టు మొత్తం తలదెబ్బల డీఆర్‌జీల్లోకి (ఆసుపత్రికి చెల్లింపు తేల్చే కేసుల గుంపులు), అంటే 082 నుంచి 087 శ్రేణిలోకి పోతుంది. రోగికి ఇచ్చిన చికిత్స చూస్తే ట్రామా చికిత్స ఎక్కడా లేదు. రక్తపోటు దించడం, వార్ఫరిన్ ప్రభావం తిప్పికొట్టడం, స్ట్రోక్ యూనిట్‌లో ఉంచడం, ఇవే ఉన్నాయి. కోడ్ ఒక కథ చెబుతుంటే ఆర్డర్లు మరో కథ చెప్పడం ఎప్పుడూ ఆగి చూడాల్సిన గుర్తు.

"వర్సెస్" అన్న మాట మీద కూడా చర్చ జరిగింది. ఐసీడీ-10-సీఎం అధికారిక కోడింగ్ మార్గదర్శకాల సెక్షన్ 2-డి ప్రకారం ఇదో అదో అని రెండు డయాగ్నసిస్‌లు రాస్తే, రెండూ ధ్రువపడినట్టే కోడ్ చేయొచ్చు. అది చివరిదాకా తేలకుండా మిగిలినప్పటి మాట. ఇక్కడ ఆ నోటు అడ్మిషన్‌కు ముందుది, తర్వాత వచ్చిన డాక్టరు నిర్ణయం రాశాడు. పైగా ఎక్స్‌క్లూడ్స్ 1 ఉన్న జంటను ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టడం కుదరదు. కాబట్టి 2-డి ఇక్కడ దారి చూపదు.

రెండో ప్రయత్నం: ఐ62.9

రెండో కోడర్ ట్రామాను పక్కన పెట్టి, డిశ్చార్జ్ సమ్మరీలో ఉన్న "ఐసీహెచ్"ను పట్టుకున్నాడు. ఈ మూడక్షరాలను కొందరు డాక్టర్లు ఇంట్రాసెరిబ్రల్‌కి వాడతారు, కొందరు ఇంట్రాక్రేనియల్‌కి వాడతారు. కోడ్‌లు వెతికే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్‌లో ఇంట్రాక్రేనియల్ హెమరేజ్ అని వెతికితే ఐ62.9 వస్తుంది. చోటు తెలియని, దెబ్బ వల్ల కాని కపాలంలోని రక్తస్రావం. చేతిలో సీటీ రిపోర్టు, న్యూరాలజీ కన్సల్టు ఉండగా చోటు తెలియదనడం చార్టును చదవకపోవడమే.

ఐ61లో అంకెలు చోటును బట్టి నడుస్తాయి. 0 అర్ధగోళంలో లోతైన భాగం, అంటే బేసల్ గ్యాంగ్లియా, ఇంటర్నల్ క్యాప్సూల్ వంటివి. 1 పైపొర, లోబ్‌లలో వచ్చేది. 2 అర్ధగోళమే గానీ ఎక్కడో తెలియదు. 3 బ్రెయిన్ స్టెమ్. 4 చిన్నమెదడు. 5 వెంట్రికిల్ లోపల. 6 ఒకటి కంటే ఎక్కువ చోట్ల. 8 ఇతరత్రా. 9 ఏమీ తెలియదు. ఎస్06లో ఉన్నట్టు ఐ61లో కుడి ఎడమల తేడా లేదు. ఎడమ బేసల్ గ్యాంగ్లియా అయినా కుడిది అయినా ఐ61.0నే.

సీటీ రిపోర్టు నుంచి చోటు తీసుకోవచ్చా అన్న సందేహం ఈ దశలో వచ్చింది. డాక్టరు ఇప్పటికే ఇచ్చిన డయాగ్నసిస్‌కు రేడియాలజీ రిపోర్టు మరింత కచ్చితమైన చోటు చెబితే, దాన్ని వాడుకోవచ్చని కోడింగ్ క్లినిక్ (కోడింగ్ సలహాల పత్రిక) చెప్పింది. న్యూరాలజిస్టు మెదడు కణజాలంలో రక్తస్రావం అని తేల్చాడు, రేడియాలజిస్టు బేసల్ గ్యాంగ్లియా అన్నాడు. కారణం తేలితే ఐ61.0కి ఇక అడ్డం లేదు. అదే రిపోర్టులో ఉన్న వాపు సంగతి వేరు. అది కొత్త డయాగ్నసిస్. డాక్టరు రాయకుండా రేడియాలజీ లైను చూసి కోడర్ దాన్ని చేర్చకూడదు. ఒకే కాగితంలో పక్కపక్క లైన్లలో ఉన్న రెండు వివరాలకు రెండు నియమాలు వర్తిస్తాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

మధ్యరేఖ జరగడం కూడా అంతే. అది ఒక కొలత. ఇండెక్స్‌లో దానికి కోడ్ లేదు. జీ93.5 వేయాలంటే మెదడు ఒత్తిడికి లోనైందనో, హెర్నియేషన్ అయిందనో డాక్టరు రాయాలి. 6 మిల్లీమీటర్లన్న అంకె ఎంత భయపెట్టేదైనా కోడ్‌గా మారదు.

తప్పుగా అడిగిన క్వెరీ

కారణం, వాపు, ఒత్తిడి, వార్ఫరిన్ పాత్ర, ఈ నాలుగూ డాక్టరును అడగాలని అందరూ ఒప్పుకున్నారు. కానీ మొదట వెళ్లిన క్వెరీ (డాక్టరుకు రాసి పంపే ప్రశ్న) ఇలా ఉంది: "రోగికి మధ్యరేఖ 6 మిల్లీమీటర్లు జరిగింది, 3 శాతం సెలైన్ ఇచ్చారు. తీవ్రత సరిగా కనిపించడానికి బ్రెయిన్ కంప్రెషన్, సెరిబ్రల్ ఎడీమా అని డిశ్చార్జ్ సమ్మరీలో చేర్చగలరు." డాక్టరు "ఒప్పుకుంటున్నాను" అని ఒక్క మాట కొట్టి పంపాడు.

కంప్లయన్స్ విభాగం దీన్ని పూర్తిగా పక్కన పెట్టింది. క్వెరీల విషయంలో ఏహెచ్‌ఐఎంఏ (ఆరోగ్య సమాచార నిపుణుల సంఘం), ఏసీడీఐఎస్ (చార్టు రాతల నిపుణుల సంఘం) సంస్థలు కలిసి విడుదల చేసిన మార్గదర్శక పత్రం ఉంది, దాన్ని 2022లో సవరించారు. దాని ప్రకారం క్వెరీ ఒక జవాబు వైపు నెట్టకూడదు. చార్టులో లేని కొత్త డయాగ్నసిస్‌ను అవును, కాదు పద్ధతిలో అడగకూడదు. చెల్లింపు మీదో నాణ్యత కొలతల మీదో పడే ప్రభావాన్ని ప్రస్తావించకూడదు. ఈ క్వెరీ కావాల్సిన జవాబును ముందే రాసి పెట్టింది. "తీవ్రత సరిగా కనిపించడానికి" అన్న మాట ఉద్దేశాన్ని కూడా బయటపెట్టింది. ఆడిటర్ చేతికి ఇది చిక్కితే నిజంగా ఉన్న వాపుకు వేసిన కోడ్ కూడా పోతుంది. అసలు నష్టం అదే. రోగికి జరిగింది నిజం, చికిత్స నిజం, అయినా అడిగిన తీరు వల్ల రికార్డు మీద నమ్మకం పోతుంది.

ఆ క్వెరీని, జవాబును చెరిపేయలేదు. చెల్లనిదిగా గుర్తించి రికార్డులో ఉంచారు. కొత్త క్వెరీని వేరే రివ్యూయర్ మొదటి నుంచి రాశాడు.

అసలు పని: గంటల వరుస

కొత్త రివ్యూయర్ కోడ్ పుస్తకం తెరవలేదు. ముందు చార్టులోని ప్రతి కాగితాన్ని, అంబులెన్స్ షీటుతో సహా, సమయం ప్రకారం పేర్చాడు. ఆ షీటులో ఎవరూ ఎత్తి చూపని మూడు లైన్లు దొరికాయి. భార్య ఎదురుగానే ఉంది. ఆయన ఫోనులో మాట్లాడుతుండగా మాట తడబడింది. కుడిచేతిలోంచి ఫోను జారింది. ఆ తర్వాతే కుర్చీలోంచి కుడివైపు ఒరిగి నేల మీద పడ్డాడు, తల నేలకు తగిలింది.

ట్రయాజ్ నోటులో ఎవరూ చూడలేదని ఎందుకు పడింది? భార్య ఆసుపత్రికి తర్వాత వచ్చింది. ట్రయాజ్ సమయానికి చెప్పేవాళ్లు లేరు. రోగి చెప్పలేడు. అక్కడి నుంచి ఎమర్జెన్సీ నోటు, ఆ నోటు నుంచి డిశ్చార్జ్ సమ్మరీ, ఇలా ఒక ఖాళీ నుంచి పుట్టిన మాట చివరిదాకా నకలైంది.

అంబులెన్స్ సిబ్బంది రాసినదాన్ని బట్టి డయాగ్నసిస్ కోడ్ వేయలేం. గ్లాస్గో స్కోరు లాంటి కొన్నింటికి మాత్రమే వాళ్ల రాతను వాడుకోవడానికి మార్గదర్శకాలు ఒప్పుకుంటాయి, అదీ దానికి సంబంధించిన డయాగ్నసిస్ డాక్టరు రాసినప్పుడే. అయితే క్వెరీలో ఆధారంగా పెట్టడానికి ఆ షీటు పూర్తిగా పనికొస్తుంది. క్వెరీ చేసే పనే అది: చెల్లాచెదురుగా ఉన్న ఆధారాలను నిర్ణయించే అధికారం ఉన్నవాళ్ల ముందు ఒకచోట పెట్టడం.

ఆధారంగా చేర్చిన మరో సంగతి గడ్డ ఉన్న చోటు. దీర్ఘకాలపు రక్తపోటు వల్ల వచ్చే రక్తస్రావం పుటామెన్, థాలమస్, పాన్స్, చిన్నమెదడు వంటి లోతైన చోట్ల ఎక్కువగా వస్తుంది, అక్కడి సన్నటి లోతైన రక్తనాళాలు దెబ్బతిని ఉంటాయి కాబట్టి. తలదెబ్బకు నలిగే చోట్లు సాధారణంగా ఫ్రాంటల్ లోబ్ కింది భాగం, టెంపోరల్ లోబ్ ముందు కొన, అంటే ఎముకకు రాసుకునే పైభాగాలు. కోడర్ దీన్ని బట్టి కారణం తేల్చకూడదు. ఏ వివరాలు క్వెరీలోకి ఎక్కాలో ఎంచుకోవడానికి మాత్రం ఇది తెలిసుండాలి. వైద్యం తెలియని క్వెరీ డాక్టరుకు విసుగు తెప్పిస్తుంది, జవాబు కూడా అలాగే వస్తుంది.

అటెండింగ్ డాక్టరుకే పంపారు. డాక్టర్ల రాతల మధ్య పొంతన లేనప్పుడు స్పష్టత అడగాల్సింది ఆయననే. న్యూరాలజిస్టు రాసింది నచ్చిందని దాన్ని ఎంచుకునే హక్కు కోడర్‌కు లేదు.

మొదటి ప్రశ్న కారణం గురించి. ఆధారాలు వరుసగా: అంబులెన్స్ షీటులో భార్య చెప్పినది, ట్రయాజ్ రాసినది, ఎమర్జెన్సీ నోటు, న్యూరాలజీ కన్సల్టు, రక్తపోటు, ఐఎన్ఆర్, గడ్డ చోటు, తల చీలిక ఉన్న వైపు. తనంతట తానుగా వచ్చిందన్న వాదనకు అనుకూలం కాని ట్రయాజ్ నోటును, గాయాన్ని కూడా దాచకుండా పెట్టారు. ఆ తర్వాత ప్రశ్న: "కపాలం లోపలి రక్తస్రావం రకాన్ని, కారణాన్ని మీ వైద్య నిర్ణయం ప్రకారం తెలపండి." ఎంపికలు: దెబ్బ వల్ల వచ్చినది, తనంతట తానుగా వచ్చినది (కారణం రాయండి), ఇతరం, తేల్చలేం.

రెండో ప్రశ్న సీటీల గురించి. రెండు సీటీల సమయాలు, కొలతలు, గ్లాస్గో మార్పు, సెలైన్ మొదలైన గంట. ప్రశ్న: "ఈ పరిశీలనలకు సంబంధించిన డయాగ్నసిస్ ఏదైనా ఉంటే రాయండి, అది అడ్మిషన్ ఆర్డరు సమయానికి ఉందో లేదో తెలపండి." ఎంపికలు: సెరిబ్రల్ ఎడీమా, బ్రెయిన్ కంప్రెషన్, రెండూ, వైద్యపరంగా ప్రాధాన్యం లేని పరిశీలన, ఇతరం, తేల్చలేం.

మూడోది వార్ఫరిన్. రక్తస్రావానికీ ఆ మందుకూ సంబంధం ఉందా, ఉంటే ఎలాంటిది.

డాక్టరు డిశ్చార్జ్ సమ్మరీకి అనుబంధం రాశాడు. రక్తపోటు వల్ల తనంతట తానుగా వచ్చిన ఎడమ బేసల్ గ్యాంగ్లియా రక్తస్రావం, వెంట్రికిల్‌లోకి విస్తరణ. వార్ఫరిన్ వల్ల రక్తం గడ్డకట్టే గుణం తగ్గి రక్తస్రావం పెరిగింది. పడిపోవడం స్ట్రోక్ వల్ల. దెబ్బ వల్ల మెదడుకు గాయం లేదు. సెరిబ్రల్ ఎడీమా అడ్మిషన్‌కు ముందే ఉంది. కంప్రెషన్ మాత్రం గడ్డ పెరగడంతో మధ్యాహ్నం వచ్చింది.

చివరికి నిలిచిన కోడ్‌లు

ప్రధానం: ఐ61.0.
ఐ61.5, వెంట్రికిల్ విస్తరణకు.
జీ93.6 (మెదడు వాపు), పీఓఏ వై. పీఓఏ అంటే అడ్మిషన్ సమయానికి ఉందా అన్న గుర్తు: వై ఉంది, ఎన్ లేదు.
జీ93.5 (మెదడు ఒత్తిడి), పీఓఏ ఎన్.
డీ68.32 (మందు వల్ల రక్తస్రావ లోపం), టీ45.515ఏ (ఆ మందు ప్రతికూల ప్రభావం), జెడ్79.01 (దాన్ని దీర్ఘకాలం వాడటం).
ఐ16.1 (హైపర్‌టెన్సివ్ ఎమర్జెన్సీ), ఐ12.9 (రక్తపోటు, మూత్రపిండాల జబ్బు కలిసి), ఎన్18.31 (స్టేజ్ 3ఏ).
జీ81.91 (కుడివైపు పక్షవాతం), ఆర్47.01 (మాట పోవడం), ఆర్29.810 (మూతి జారడం).
ఐ48.21 (పర్మనెంట్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్).
ఎస్01.01ఎక్స్ఏ (తల చీలిక), డబ్ల్యూ07.ఎక్స్ఎక్స్ఎక్స్ఏ (కుర్చీలోంచి పడటం).

కొన్నింటి వెనక కారణం చెప్పాలి.

రక్తపోటు కోడ్‌ను మొదటి రెండు డ్రాఫ్టుల్లోనూ ఐ10గా (మామూలు రక్తపోటు) వేశారు. మూత్రపిండాల దీర్ఘకాలిక జబ్బు ఉన్నప్పుడు రక్తపోటుకూ దానికీ సంబంధం ఉందని మార్గదర్శకాలే అనుకుంటాయి, సంబంధం లేదని డాక్టరు రాస్తే తప్ప. కాబట్టి ఐ12.9, దాని వెంట స్టేజ్ కోడ్. మెదడు రక్తనాళాల జబ్బు, రక్తపోటు కలిసి వచ్చినప్పుడు ఐ60-ఐ69 కోడ్ ముందు, రక్తపోటు కోడ్ తర్వాత. హైపర్‌టెన్సివ్ ఎమర్జెన్సీ అని అడ్మిషన్ నోటులో డాక్టరు మాటల్లోనే ఉంది గనుక ఐ16.1. 224/118 అన్న అంకె ఒక్కదాన్ని చూసి అది వేయకూడదు.

వార్ఫరిన్ విషయంలో ఎక్కువ సమయం పెట్టాల్సింది మందు ఎలా వేసుకున్నాడన్న దాని మీద. ఫార్మసిస్టు నోటు ప్రకారం రాసిచ్చిన డోసే, రాసిచ్చినట్టే వాడాడు. అందుకే ప్రతికూల ప్రభావం, టీ45.515ఏ, అది రక్తస్రావం తర్వాతే వస్తుంది. పొరపాటున రెండు డోసులు వేసుకుని ఉంటే అది విషప్రభావం కింద టీ45.511ఏ అయ్యేది. విషప్రభావం కోడ్ ముందు రావాలి కాబట్టి ప్రధాన డయాగ్నసిస్సే మారిపోయేది. డాక్టరు రాయని మందును తనే కొనుక్కుని వార్ఫరిన్‌తో కలిపి వాడి, ఆ రెండింటి కలయిక వల్ల రక్తస్రావం వచ్చిందని డాక్టరు తేల్చినా, మార్గదర్శకాల ప్రకారం అది విషప్రభావమే. అందుకే మందుల జాబితాలో దుకాణంలో దొరికే నొప్పి మాత్రల లైను కూడా చదవాలి. ఈ చార్టులో అలాంటివి లేవు.

డాక్టరు ఐఎన్ఆర్ ఎక్కువ ఉందని మాత్రమే రాసి ఊరుకుని ఉంటే ఆర్79.1 (గడ్డకట్టే పరీక్షలో తేడా), టీ45.515ఏతో ఆగాలి. డీ68.32కి మందుకూ రక్తస్రావానికీ ఉన్న లంకె డాక్టరు రాతలో కనిపించాలి.

కుడివైపు పక్షవాతానికి చేతివాటం ఎక్కడా రాయలేదు. అలాంటప్పుడు కుడివైపైతే డామినెంట్ అనుకోవాలి, జీ81.91. ఎడమవైపై ఉంటే నాన్‌డామినెంట్, జీ81.94. రెండు చేతులూ సమానంగా వాడేవాళ్లని రాసి ఉంటే ఏ వైపైనా డామినెంటే.

తల చీలిక నిజం కాబట్టి దాన్ని వదిలేయలేదు. స్ట్రోక్ వల్ల పడి తగిలిన గాయంగా రెండో వరుసలో ఉంది. బాహ్య కారణం కోడ్ ఆ గాయానికి తోడుగానే వస్తుంది, రక్తస్రావానికి కాదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పర్మనెంట్ అని కార్డియాలజీ నోటులో ఉంది గనుక రకం తెలియదనే ఐ48.91తో సరిపెట్టలేదు.

జీ93.5కి ఎన్ పెట్టడం మీద కొంత గుంజాటన జరిగింది. మొదటి సీటీలోనే 2 మిల్లీమీటర్ల కదలిక ఉంది కదా అన్నది ఒక వాదన. కానీ పీఓఏ అడిగేది డయాగ్నసిస్ ఎప్పుడు ఉందని, కొలత ఎప్పుడు మొదలైందని కాదు. డాక్టరు మధ్యాహ్నం అని రాశాడు, గ్లాస్గో 11 నుంచి 9కి పడింది కూడా అప్పుడే. రాతా ఆధారమూ కలిసినచోట మరో ప్రశ్న అడగాల్సిన పని లేదు.

డీఆర్‌జీ 064లో స్థిరపడింది: కపాలం లోపలి రక్తస్రావం లేదా మెదడు ఇన్‌ఫార్క్షన్ (రక్తం అందక దెబ్బతినడం), ఎంసీసీతో (పెద్ద ఉపద్రవం లేదా తోడు జబ్బుతో). ఎడీమా, కంప్రెషన్ రెండూ ఎంసీసీలే. అవి లేకుంటే పక్షవాతం, మాట పోవడం లాంటి సీసీలతో (అంతకంటే చిన్న స్థాయివాటితో) 065 వచ్చేది. ఈ తేడా వల్లనే చెల్లించే సంస్థలు ఈ రెండు కోడ్‌లనే ముందు ప్రశ్నిస్తాయి. అందుకని ఫైలులో కోడ్‌తో పాటు ఆధారాలను కూడా గుర్తు పెట్టి ఉంచారు: 3 శాతం సెలైన్ మొదలైన సమయం, సోడియం పరీక్షల వరుస, రెండో సీటీ ఎందుకు తీయించారో డాక్టరు రాసిన లైను, నర్సుల గంటగంట చార్టు. రెండో వరుస డయాగ్నసిస్ లెక్కలోకి రావాలంటే దాన్ని పరిశీలించడం, చికిత్స చేయడం, పరీక్ష చేయడం, ఆసుపత్రిలో ఎక్కువ కాలం ఉంచడం, నర్సింగ్ పెంచడం, వీటిలో కనీసం ఒకటి జరిగి ఉండాలి. సన్నటి వాపు ఉందని సీటీ చెప్పి, దానికోసం ఎవరూ ఏమీ చేయకపోతే, డాక్టరు రాసినా ఆ కోడ్ గట్టిగా నిలబడదు.

ఈ కేసు నేర్పినవి

పడిపోయి వచ్చిన రోగి, తలలో రక్తం: ఈ రెండూ కలిసి కనిపించిన ప్రతి చార్టులో అంబులెన్స్ షీటు ముందు చదవాలి. లక్షణాలు ముందా, పడటం ముందా అన్న ప్రశ్నకు జవాబు అక్కడ ఉన్నంత తాజాగా మరెక్కడా ఉండదు. అది స్కాన్ చేసిన కాగితంగా చార్టు చివర్లో పడి ఉంటుంది, వెతికితేనే దొరుకుతుంది.

"పడిపోయిన తర్వాత" అన్న మాట సమయం చెబుతుంది, కారణం చెప్పదు. "వల్ల" అని డాక్టరు రాసేవరకు కోడర్ ఆ మాట చేర్చకూడదు. వార్ఫరిన్ "మీద ఉన్నారు" అన్నదీ అంతే.

ఐసీహెచ్ అని మాత్రమే ఉన్నచోట ఐ61కో ఐ62కో పరుగెత్తకుండా మిగతా నోట్లు చూడాలి. ఎక్కడా విడమరిచి లేకపోతే అడగాలి. ఈ ఒక్క క్వెరీ మామూలు పనిలో ఎక్కువ చార్టులను కాపాడుతుంది.

కారణం మారితే కుటుంబమే మారిపోయే సందర్భాలు ఇంకా ఉన్నాయి. ధమనీ సిరల వికృత ముడి పగిలి రక్తం వచ్చిందని తేలితే అది ఐ60.8లోకి పోతుంది. పగలనిదైతే క్యూ28.2. వృద్ధుల్లో పైపొరలో వచ్చిన రక్తస్రావానికి అమిలాయిడ్ యాంజియోపతి (రక్తనాళాల గోడల్లో ప్రోటీన్ పేరుకోవడం) కారణమని డాక్టరు రాస్తే ఐ61.1తో పాటు ఈ85.4, ఐ68.0 జత కావాలి. పగలని ఎన్యూరిజం (రక్తనాళం ఉబ్బు) మాత్రమే ఉంటే ఐ67.1. రక్తం ఎక్కడుందో చూసి ఆగిపోతే వీటిలో ఏదీ దొరకదు.

డిశ్చార్జ్ స్థితి కోడ్‌ను బిల్లింగ్ వాళ్ల పనిగా వదిలేయకూడదు. ఈ రోగి రిహాబ్ ఆసుపత్రికి వెళ్లాడు, అంటే 62. డీఆర్‌జీ 064 నుంచి 066 వరకు పోస్ట్-అక్యూట్ ట్రాన్స్‌ఫర్ నియమం కింద ఉన్నాయి, త్వరగా పంపినప్పుడు చెల్లింపు రోజుల లెక్కకు మారుతుంది. ఇంటికి వెళ్లినట్టు 01 పడితే రిహాబ్ ఆసుపత్రి బిల్లుతో అది పొసగదు, మొత్తం క్లెయిమ్ వెనక్కి వస్తుంది.

ఇక రిహాబ్ ఆసుపత్రిలో ఇదే రోగికి ఐ61.0 వేయకూడదు. అది అక్యూట్ చికిత్స జరిగిన చోటికే పరిమితం. అక్కడ కుడివైపు పక్షవాతానికి ఐ69.151, మాట పోయినందుకు ఐ69.120. ఐ69.151లోనే పక్షవాతం, వైపు, చేతివాటం అన్నీ ఉన్నాయి గనుక దానికి జీ81.91 మళ్లీ జత చేయనక్కర్లేదు. ఆ తర్వాత ఏడాదికి న్యూరాలజీ క్లినిక్‌కు వచ్చినా లోపం మిగిలి ఉన్నంతకాలం ఐ69 కోడ్‌లే. పాత చార్టులోంచి సమస్యల జాబితా నకలై ఐ61.0 అలాగే వచ్చేస్తుంటుంది. దాన్ని తీయించాలంటే క్లినిక్ డాక్టరుకు కారణం చెప్పి జాబితాలోనే మార్పించాలి, ఒక్క విజిట్ కోడ్ సరిచేస్తే తర్వాతి విజిట్‌లో మళ్లీ తిరిగొస్తుంది.